శాలువాతో సరిపెట్టే దేశభక్తి

2017 జులైలో ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కార్గిల్ విజయ దివస్ సభ జరిగింది. అప్పటి వైస్ చాన్సలర్ ఆ సభకు వచ్చిన కేంద్ర మంత్రులను ఒక కోరిక కోరారు. క్యాంపస్‌లో నలుగురికీ కనిపించే చోట పెట్టుకోవడానికి ఒక సైనిక ట్యాంకు ఇప్పించండి, దాన్ని చూసినప్పుడల్లా విద్యార్థులకు సైన్యం చేసిన త్యాగాలు గుర్తుకొస్తాయి అని. అదే ఏడాది మే నెలలో మానవ వనరుల అభివృద్ధి శాఖ అండతో ‘విద్యా వీరతా అభియాన్’ మొదలైంది. పరమవీర చక్ర పొందిన 21 మంది చిత్రాలను కాలేజీల గోడల మీద పెట్టించడం దాని పని. అంతకు ముందు ఏడాది కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో 207 అడుగుల జెండా స్తంభాలు నిలపాలని తీర్మానించారు. 2021లో బడిపిల్లల కోసం ‘వీర్ గాథ’ పోటీలు వచ్చాయి. అదే ఏడాది ఢిల్లీలో ఆమ్ ఆద్మీ ప్రభుత్వం దేశభక్తికి ఏకంగా ఒక పీరియడే కేటాయించింది. కాబట్టి ఇది ఏ ఒక్క పార్టీ నమ్మకమో కాదు. సైనికుణ్ణో, సైనిక చిహ్నాన్నో పిల్లల కళ్లెదుట నిలబెడితే దేశభక్తి దానంతటదే పుడుతుందని, సైనికుడిలాగే వాళ్లు కూడా ఎదురు ప్రశ్నించకుండా మాట వినడం నేర్చుకుంటారని చదువుకున్నవాళ్లలోనే చాలామంది నమ్ముతున్నారు. ఈ నమ్మకం పిల్లల గురించి ఎంత పొరపాటో సైనికుడి గురించీ అంతే పొరపాటు. బడుల్లో మాజీ సైనికులను గౌరవించవద్దని నేను అనను. నా అభ్యంతరమల్లా మనం చేస్తున్న పనిని గౌరవం అని పిలవడం మీదే.

ఈ నమ్మకం మన ఊరి హైస్కూలుకు చేరేసరికి ఎలా తయారవుతుందో అందరికీ తెలుసు. ఆగస్టు 15న జెండా వందనం అయ్యాక పిల్లలు ఎండలో వరసలు కట్టి ఉంటారు. ఫ్లెక్సీ మీద స్థానిక నాయకుడి బొమ్మ నిండుగా ఉంటుంది, సన్మానం అందుకునే మాజీ సైనికుడి ఫొటో ఒక మూలకు సర్దుకుని ఉంటుంది. నాయకుడు వచ్చేదాకా ఆ పెద్దమనిషి ఇస్త్రీ చొక్కా మీద పతకాలు పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. శాలువా కప్పుతారు, మెమెంటో చేతికిస్తారు, ఫొటో దిగుతారు. ఆ తర్వాత మైకు ఆయన ముందు పెట్టి ‘రెండు ముక్కలు మాట్లాడండి సార్, టైము లేదు’ అంటారు. ఆయన ‘బాగా చదువుకోండి, దేశానికి మంచి పేరు తెండి’ అని ముగిస్తాడు. జై జవాన్ నినాదం, చాక్లెట్ల పంపకం, అంతటితో సరి. ఆయన ఏ రెజిమెంటులో పనిచేశాడో, ఎక్కడెక్కడ కాపలా కాశాడో, ఏ పని నేర్చుకున్నాడో, నలభై ఏళ్లు నిండీ నిండకుండానే ఇంటికొచ్చి ఆ తర్వాత బతుకు ఎలా నెట్టుకొచ్చాడో ఆ పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. సభలో లేచి నిలబడి చప్పట్లు కొట్టిన పెద్దలే మర్నాడు ఆయన కనబడితే మిలిటరీ క్యాంటీన్‌లో ఏమైనా దొరుకుతుందా అని అడుగుతారు. మాజీ సైనికుల కోసం ప్రత్యేకంగా ఒక రోజు ఉంది. ఫీల్డ్ మార్షల్ కరియప్ప పదవీ విరమణ చేసిన జనవరి 14. తెలుగు రాష్ట్రాల్లో అది సంక్రాంతి సెలవుల మధ్యలో పడుతుంది, బడులకు తాళాలు ఉంటాయి. దాన్ని మరో రోజు జరుపుదామని ఎవరికీ తోచకపోవడమే మన శ్రద్ధ ఎంతటిదో చెబుతుంది.

అసలు సైనికుడు దేనికి కట్టుబడ్డాడు? శిక్షణ ముగించి కసమ్ పరేడ్‌లో నిలబడిన జవాను చేసే ప్రమాణంలో మొదట వచ్చేది భారత రాజ్యాంగం. చట్టబద్ధంగా ఏర్పడిన ఆ రాజ్యాంగానికి విధేయుడినై ఉంటానని, నేల మీదా నీటి మీదా గాలిలోనూ ఎక్కడికి పంపితే అక్కడికి వెళతానని, ప్రాణాపాయం ఉన్నా రాష్ట్రపతి ఆజ్ఞనూ పై అధికారుల ఆజ్ఞనూ పాటిస్తానని అతడు మాట ఇస్తాడు. ఏ నాయకుడికీ, ఏ పార్టీకీ, ఏ మతానికీ ఆ మాట ఇవ్వడు. ఇక ‘సైన్యంలో ప్రశ్న ఉండదు’ అన్న ప్రచారం సంగతి చూద్దాం. 1950 నాటి సైనిక చట్టంలో పై అధికారి ఆజ్ఞను ధిక్కరించడం గురించి చెప్పేది 41వ సెక్షన్. అక్కడ కూడా శిక్ష పడేది చట్టబద్ధమైన ఆజ్ఞను కాదన్నవాడికే. అంటే ప్రపంచంలోకెల్లా కఠినమైన క్రమశిక్షణ ఉందని మనం చెప్పుకునే చోట కూడా విధేయతకు చట్టం హద్దు గీసింది. మన బడి ఆ హద్దును చెరిపేసి, హద్దులేని విధేయతను పిల్లలకు సైనిక గుణంగా అమ్ముతోంది. సైనికుడి పేరు చెప్పి సైన్యంలోనే లేని సరుకును అంటగట్టడం అతడికి చేసే గౌరవం ఎలా అవుతుంది? ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్రంలో రాజ్యాంగం పాఠం ఉంటుంది, ఆగస్టు 15న వేదిక మీద సైనికుడు ఉంటాడు. ఈ రెంటికీ సంబంధం ఉందని చెప్పే మాస్టారు ఎంతమంది?

ఇందులో ఇంకో సంగతి కూడా దాగి ఉంది. రాజ్యాంగంలోని 33వ అధికరణం సాయుధ బలగాల్లో ఉన్నవాళ్ల ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది. ఆ అధికారంతోనే సైనిక చట్టం జవాను మాట్లాడే స్వేచ్ఛకు, సంఘం పెట్టుకునే స్వేచ్ఛకు కట్టడి విధించింది. ఆ కట్టడికి కారణాలున్నాయి, వాటితో ఇక్కడ పేచీ లేదు. కానీ దాని అర్థం ఏమిటో ఆలోచించాలి. మనందరం అనుభవిస్తున్న హక్కుల్లో కొన్నింటిని పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో పక్కనపెట్టి బతికినవాడు మాజీ సైనికుడు. యూనిఫాం విప్పిన రోజు ఆయన పూర్తి పౌరుడిగా మళ్లీ నోరు విప్పగలిగే రోజు. సరిగ్గా అప్పుడే మనం ఆయన్ని వేదిక ఎక్కించి, శాలువా కప్పి, రెండు ముక్కల్లో ముగించమంటాం. 2015లో ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ కోసం మాజీ సైనికులు ఢిల్లీ జంతర్ మంతర్‌లో దీక్షకు కూర్చున్నారు. ఆగస్టు 14న, స్వాతంత్ర్య దినోత్సవ భద్రత పేరు చెప్పి, పోలీసులు అక్కణ్నుంచి వాళ్లను బలవంతంగా ఖాళీ చేయించబోయారు. పతకాలు పెట్టుకున్న వృద్ధులను నెట్టుకుంటూ లాగిన దృశ్యాలు దేశమంతా చూసింది. మర్నాడు పొద్దున దేశమంతటా బడుల్లో యథావిధిగా జై జవాన్ అన్నారు. నోరు మెదపని సైనికుడికి దండ, నోరు తెరిచిన సైనికుడికి లాఠీ అన్న తేడా పిల్లలు గమనించరనుకోవడం పెద్దల అమాయకత్వం.

దేశాన్ని గౌరవించడం అంటే అందరూ ఒకే గొంతుతో ఒకే పని చేయడమేనా అన్న ప్రశ్న మన న్యాయస్థానాల ముందుకు ఎప్పుడో వచ్చింది, జవాబు కూడా వచ్చింది. 1985లో కేరళలో ఒకే కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలను బడి నుంచి వెళ్లగొట్టారు. జాతీయగీతం పాడేటప్పుడు వాళ్లు అందరితో పాటు లేచి మర్యాదగా నిలబడ్డారు, తమ మతవిశ్వాసం ఒప్పుకోదు కనుక పాడలేదు, అంతే. ఆ కేసులో 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. లేచి నిలబడడంలోనే గౌరవం ఉంది, పాడమని నిర్బంధించే చట్టమేదీ లేదు, ఆ పిల్లలను బడిలోకి తిరిగి తీసుకోండి అని ఆయన ఆదేశించారు. సహనం మన సంప్రదాయంలోనూ రాజ్యాంగంలోనూ ఉన్నదేనని, దాన్ని పలచన చేయవద్దని గుర్తుచేశారు. మన సైనికుడు ప్రమాణం చేసిన రాజ్యాంగం ఆచరణలో ఎలా ఉంటుందో ఈ తీర్పు చూపించింది. అందరికీ భిన్నంగా ఉన్న ముగ్గురు బడిపిల్లల వైపు దేశంలోని అత్యున్నత న్యాయస్థానం నిలబడింది. సరిహద్దులో జవాను కాపాడుతున్నది ఏమిటని ఎవరైనా పిల్లవాడు అడిగితే చెప్పదగ్గ మంచి జవాబుల్లో ఇదొకటి. మన బడుల్లో ఈ తీర్పు గురించి ఒక్క మాట వినిపించదు.

మరి మాజీ సైనికుడు పిల్లలకు నేర్పగలిగింది ఏమిటి? దానికి జవాబు విశాఖపట్నం రామకృష్ణా బీచ్ ఒడ్డునే ఉంది. ఐఎన్‌ఎస్ కురుసుర సోవియట్ తయారీ జలాంతర్గామి. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001లో సేవ నుంచి తప్పుకుంది. 2002లో దాన్ని ఒడ్డుకు చేర్చి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు, కానీ లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాలి. గుండ్రటి తలుపుల్లోంచి తల వంచి, కాలెత్తి దాటాలి. అక్కడ పిల్లలకు గైడ్లుగా ఉండేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. టార్పెడో గొట్టం ఎలా పనిచేస్తుందో, పెరిస్కోపులోంచి ఏం కనిపిస్తుందో, బ్యాటరీల మీద నీటిలోపల ఎలా నడుస్తుందో వాళ్లు చెబుతారు. ఒకదాని మీద ఒకటి ఉన్న ఇరుకు బెర్తులు చూసిన పిల్లలు ఊరికే ఉండలేరు. ఎలా పడుకునేవాళ్లు, స్నానం ఎట్లా, వంట ఎక్కడ, భయం వేయదా అని అడిగే తీరాలి. చెప్పగలిగినవాడు ఎదురుగానే ఉంటాడు. ఆ ఇనుప గొట్టంలో పిల్లలు త్యాగం అన్న మాట వినకపోయినా త్యాగం ఎంత ఇరుకుగా, ఎంత ఉక్కగా ఉంటుందో చూస్తారు. భౌతికశాస్త్రం కొంత, చరిత్ర కొంత, తోటివాడి మీద ఆధారపడి బతకడం కొంత నేర్చుకుని బయటికి వస్తారు. వైస్ చాన్సలర్ అడిగిన ట్యాంకుకూ దీనికీ ఉన్న తేడా ఇదే. ట్యాంకు పక్కన మనిషి లేకపోతే అది దూరం నుంచి దణ్ణం పెట్టుకునే విగ్రహం. కురుసురలో మనిషి ఉన్నాడు, ఆయనకు తెలిసిన పని ఉంది, ఆ పనికి మర్యాద ఉంది. మాజీ సైనికుణ్ణి మాస్టారిగా చూడడం కన్నా పెద్ద సన్మానం బడి చేయలేదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఇవాళ్టి పిల్లలకు క్రమశిక్షణ లేదు, సైనిక పద్ధతి పెడితే దారికొస్తారు, ప్రతి బడీ సైనిక్ స్కూల్ కావాలి అంటారు. కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచి మంచి అధికారులను ఇచ్చిన మాట నిజమే. గల్వాన్‌లో ప్రాణమిచ్చిన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబు చదివింది అక్కడే. కానీ సైనిక్ స్కూల్ ప్రవేశ పరీక్ష పెట్టి, ఒక వృత్తికి పిల్లలను సిద్ధం చేయడానికి పెట్టిన సంస్థ. మెడికల్ కాలేజీ బాగుందని ప్రతి బడిలోనూ ఆపరేషన్ థియేటర్ కట్టం. పైగా నిర్బంధ సైనిక శిక్షణ ఈ దేశానికి కొత్త కాదు. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ విద్యార్థులకు ఎన్‌సీసీని తప్పనిసరి చేశారు. ఐదేళ్లకే, 1968లో, మళ్లీ ఇష్టమున్నవాళ్లకే అని మార్చారు. ఆ మరుసటి ఏడాదే సేవా కార్యక్రమాల కోసం ఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. యుద్ధపు వేడి ఇంకా ఆరని రోజుల్లోనే, 1965లో పాకిస్తాన్‌తో మరో యుద్ధం చూసిన తర్వాత కూడా, ఆనాటి ప్రభుత్వం నిర్బంధాన్ని వదులుకుంది. ఇవాళ ఎన్‌సీసీలో చేరే పిల్లవాడు తానుగా చేరతాడు, అందుకే పొద్దున్నే లేచి గ్రౌండుకు వస్తాడు. సైన్యం కూడా ఇష్టపడి వచ్చినవాళ్లతోనే నడుస్తోంది, నిర్బంధ సైనిక సేవ మనకు లేదు. స్వచ్ఛందంగా నడిచే సైన్యాన్ని చూపించి బడిలో నిర్బంధాన్ని సమర్థించడం కుదరదు.

రెండో అభ్యంతరం కొంచెం బలమైనది. పిల్లలు చిన్నవాళ్లు, వాళ్లకు చట్టాలు, సెక్షన్లు ఎక్కవు, ముందు గుండెలో అభిమానం నాటాలి, ఆలోచన తర్వాత వస్తుంది అంటారు. అభిమానం అక్కర్లేదని కాదు. ఏ అభిమానం అన్నదే ప్రశ్న. దేశమంతా బడుల్లో రోజూ చదివే ప్రతిజ్ఞను రాసింది నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశారు. అది చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది. అయినా అందులో శత్రువు లేడు, రక్తం లేదు, విజయ గర్జన లేదు. తోటి భారతీయులను అన్నదమ్ములుగా అక్కచెల్లెళ్లుగా చూడడం, తల్లిదండ్రులను గురువులను పెద్దలను గౌరవించడం, జంతువుల పట్ల దయ, దేశం కోసం దేశ ప్రజల కోసం పాటుపడడం, ఇలాంటివే ఉన్నాయి. ఒకటో తరగతి పిల్లవాడికి కూడా ఎక్కే అభిమానం అది. దాన్ని రోజూ వల్లె వేయిస్తాం, మధ్యాహ్న భోజనం దగ్గర ఒక కులం పిల్లలు వండిన మనిషిని బట్టి తినడం మానేస్తే మాత్రం చూసీ చూడనట్టు పోతాం. ఆ ప్రతిజ్ఞ రాసినాయన పేరును కూడా పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం వేయలేదు. అభిమానం ముందు, ఆలోచన తర్వాత అనేవాళ్లు ఆ తర్వాత ఎప్పుడొస్తుందో చెప్పరు. ఐదో తరగతిలో నినాదం, పదో తరగతిలో నినాదం, డిగ్రీలో ట్యాంకు. వయసు పెరిగినా పాఠం పెరగడం లేదు.

పాఠం పెరగకపోతే నష్టపోయేది ఎవరో 2022లో చూశాం. ఆ ఏడాది జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ ప్రకటించింది. పదిహేడున్నర నుంచి ఇరవై ఒక్క ఏళ్ల మధ్యవాళ్లు, నాలుగేళ్ల సేవ, తర్వాత నలుగురిలో ఒకరికి మించి కొనసాగింపు ఉండదు, మిగతావాళ్లకు సేవానిధి కింద సుమారు 11.71 లక్షల రూపాయలు, పెన్షన్ లేదు. మూడు రోజుల తర్వాత సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. దహనాలు నేరమే, సమర్థించేదేమీ లేదు. కానీ ఆ గుంపులో ఫిజికల్ టెస్టులు నెగ్గి రాతపరీక్ష కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు ఉన్నారు. తెల్లవారుజామున హైవే పక్కన 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేసే ఇలాంటి కుర్రాళ్లను మన ఊళ్లలో అందరూ మెచ్చుకుంటారు. దేశభక్తి సభల్లో చప్పట్లు కొట్టి పెరిగింది కూడా వీళ్లే. సైన్యంలో ఉద్యోగం షరతులు ఏమిటి, పెన్షన్ ఎలా వస్తుంది, విధానం నచ్చకపోతే పౌరుడు దాన్ని ఏ దారుల్లో ఎదుర్కోవచ్చు అన్నది ఆ సభల్లో ఎవరూ చెప్పలేదు. బడిలోకి రాజకీయాలు తేవద్దని ఇక్కడ కొందరు ఆక్షేపిస్తారు. ఇంటర్ చదివే కుర్రవాడు రేపో మాపో సంతకం పెట్టబోయే ఒప్పందం గురించి చెప్పడం రాజకీయమైతే, ఆ ఒప్పందం వైపు అతణ్ణి ఉరకలెత్తించే నినాదం ఎందుకు కాదు? ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం వస్తుంది, 1949 నుంచి ఉన్నదే. బడుల్లో చిన్న జెండాలు పంచి డబ్బు వసూలు చేస్తారు. ఆ డబ్బు యుద్ధ వితంతువులకు, గాయపడిన జవాన్లకు, మాజీ సైనికుల సంక్షేమానికి వెళుతుందని, తమ జిల్లాలో సైనిక సంక్షేమ కార్యాలయం ఫలానా చోట ఉందని ఇచ్చిన పిల్లవాడికి చెబితే అదే ఒక పూట పాఠం.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కు నుంచి వచ్చే వాదన కూడా ఉంది. బడిలోకి సైనికుడే రాకూడదు, వస్తే యుద్ధోన్మాదం వస్తుందని శాంతివాదులు అంటారు. వాళ్లూ ట్యాంకు అడిగినాయన పొరపాటే చేస్తున్నారు. ఇద్దరికీ సైనికుడంటే తుపాకీయే, మనిషి కాదు. పశ్చిమ గోదావరిలో మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అని పిలుస్తారు, ప్రపంచ యుద్ధాల కాలం నుంచి అక్కడి ఇళ్ల నుంచి తరతరాలుగా సైన్యంలోకి వెళుతున్నారు. అలాంటి ఊళ్లలో సైనికుడంటే పక్కింటి బాబాయి, సెలవుకొచ్చిన అన్న. యుద్ధం అంటే ఏమిటో, దాని ఖరీదు ఎంతో వాళ్లకు తెలిసినంతగా టీవీ చర్చల్లో అరిచేవాళ్లకు తెలియదు. యుద్ధోన్మాదానికి విరుగుడు కావాలంటే యుద్ధం చూసినవాణ్ణి తీరిగ్గా మాట్లాడనివ్వడం మేలు. ఆయన తప్పు మాట్లాడితే? మాట్లాడవచ్చు. ఒక మతాన్నో ప్రాంతాన్నో తూలనాడే మాజీ సైనికుడూ ఉంటాడు, పతకం మనిషిని పొరపాట్లకు అతీతుణ్ణి చేయదు. అందుకే పక్కన టీచరు ఉండాలి, పిల్లలకు ప్రశ్న అడిగే సమయం ఉండాలి. ప్రశ్నకు చోటున్న గదిలో ఒక తప్పు మాట అక్కడికక్కడే తేలిపోతుంది. ప్రశ్నకు చోటులేని వేదిక మీద మాత్రం అదే మాట ప్రవచనమై కూర్చుంటుంది.

కాబట్టి చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. వేదిక దింపి, మాజీ సైనికుణ్ణి తరగతి గదిలోకి తీసుకురండి. పతకం ఉన్నవాళ్లనే పిలవకండి. వంట చేసినవాడు, రేడియో బాగుచేసినవాడు, నర్సుగా పనిచేసినావిడ, మంచులో లారీ నడిపినవాడు కూడా దేశ రక్షణలో భాగమే. చిన్న తరగతులకు పని గురించి, ప్రయాణాల గురించి చెప్పించండి. ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఆయన చేసిన ప్రమాణం, దాని పక్కనే రాజ్యాంగం. పదో తరగతి, ఇంటర్ పిల్లలకు ఉద్యోగం, పెన్షన్, ఆ తర్వాతి జీవితం. ఒక పీరియడ్ నిండా ఆయన చెప్పాలి, ఇంకో పీరియడ్ నిండా పిల్లలు అడగాలి. ఇష్టమైతే శాలువా కూడా కప్పండి, ఎవరూ కాదనరు. ఈ మాత్రం పనికి హెడ్మాస్టర్లు వెనకాడితే కారణం టైము లేకపోవడం మాత్రం కాదు, ఒకసారి అడగడం రుచి మరిగిన పిల్లలు సైనికుడితో ఆగరన్న భయం. మధ్యాహ్న భోజనం గురించి అడుగుతారు, ఫీజు గురించి అడుగుతారు, వేదిక మీది నాయకుణ్ణి కూడా అడుగుతారు. అడగనీయండి. ఆ హక్కు ఇచ్చిన రాజ్యాంగం పేరు మీదే జవాను ప్రాణాపాయాన్ని ఒప్పుకున్నాడు. దాన్ని పిల్లలు వాడుకోవడం మనకు మింగుడుపడకపోతే, జవాను పేరు ఎత్తే అర్హత మనకు లేదు.